రాజమహేంద్రవరపు దొరసాని: జూలియా మేట్లండు జీవితము

చరిత్ర గ్రంథములలో రాజులును, సేనాధిపతులును, మంత్రులును మెండుగా కానవత్తురు. తల్లికి ఇంటి క్షేమసమాచారములు వ్రాసుకొని, ఆ వ్రాతవలననే చరిత్రలో నిలిచినవారు అరుదు. అట్టివారిలో జూలియా షార్లెటు మేట్లండు అను ఆంగ్లవనిత యొకతె. ఆమె మూడేండ్లకు మించి ఈ దేశమున నుండలేదు. అందులో గోదావరీతీరమున గడపినది మఱియు స్వల్పకాలము. అయినను నూట ఎనుబది యేండ్లకు పూర్వము రాజమహేంద్రవరము ఎట్లుండెనో, అచటి యెండ యెట్టిదో, పిల్లలు చదువునకై ఎట్లు వచ్చుచుండిరో తెలిసికొనగోరువారు నేటికిని ఆమె ఉత్తరములను వెదకి చదువుచున్నారు.

దూరదేశమునుండి లేఖలు వ్రాయుట ఆ కాలపు తెలుగువారికిని క్రొత్త కాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830వ సంవత్సరము మే నెల 18వ తేదీని చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరి, కృష్ణ దాటి, మన వనపర్తి మీదుగా హైదరాబాదు చేరిరి. దారిలో చూచినదెల్ల మిత్రుడైన కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళగారికి వ్రాసి పంపుచుండిరి. ఆ వ్రాతలే 1838లో కాశీయాత్రచరిత్రయై అచ్చుపడినవి. సరిగా ఆ సంవత్సరములందే, రాజమహేంద్రవరములో ఒక దొరగారి బంగళాలో కూర్చుండి జూలియా తన తల్లికి జాబులు వ్రాయుచుండెను. ఒకరు స్వదేశమునందే పరరాజ్యములు దాటి పోయిన యాత్రికులు. ఒకరు సముద్రములు దాటి వచ్చిన గృహిణి. వారిరువురును ఒకరినొకరు ఎఱుగరు.

జూలియా 1808లో ఇంగ్లండున జన్మించెను. తండ్రి హెన్రీ బారెటు. తల్లి షార్లెటు, ఇంగ్లీషు నవలారచయిత్రులలో పేరుగన్న ఫానీ బర్నీకి సోదరి కుమార్తె. ఆ కుటుంబమున ఉత్తరములు వ్రాయుట, దినచర్యలు వ్రాసి దాచుట ఒక వంశాచారము వంటిది. మన యిండ్లలో తాటాకు కట్టలను అటక మీద భద్రపఱచినట్లు వారు పాత జాబులను పెట్టెలలో భద్రపఱచెడివారు. ఫానీ బర్నీ మరణించిన పిమ్మట ఆమె దినచర్యలను, లేఖలను సవరించి 1842 మొదలు 1846 వఱకు ఏడు సంపుటములుగా ప్రకటించినది ఈ షార్లెటు బారెటే. అట్టి తల్లి చేతికి చేరు ఉత్తరము వ్యర్థమై పోవుట కల్ల. కూతురు ఈ సంగతి ఎఱిగియే వ్రాసినదో, ఎఱుగక వ్రాసినదో గాని, ఆమె వ్రాత మాత్రము చదువరి యెదుట కూర్చుండి మాటలాడినట్లుండును.

1836లో ఆమె జేమ్సు థామసు అను నాతనిని వివాహమాడెను. ఆయన కుంపిణీవారి కొలువులో మద్రాసు సివిలు ఉద్యోగి; మొదటి భార్యను కోల్పోయినవాడు. పెండ్లి యైన సంవత్సరమే, ఆగస్టు నెలలో, దంపతులు ఓడ నెక్కిరి. అప్పటికి సూయజు కాలువ లేదు. అది 1869లో గాని తెఱవబడలేదు. ఓడలు ఆఫ్రికా ఖండమును చుట్టి, గుడ్‌హోపు అగ్రమును దాటి రావలెను. నాలుగు నెలలు నీటిపై గడపి డిసెంబరులో వారు చెన్నపట్టణము చేరిరి. అచట నాడు రేవు కట్టడము లేదు. ఓడ దూరమున లంగరు వేయగా, త్రాళ్ళతో కుట్టిన మసూలా పడవలమీద అలల నడుమ యాత్రికులను ఒడ్డునకు చేర్చెడివారు. కాలు నేలకు తగులువఱకు ప్రాణమునకు పూచీ లేదు.

చెన్నపట్టణములో జూలియాకు మొదట విసుగు పుట్టించినది ఎండ కాదు, తన దేశస్థులే. అచటి ఆంగ్లస్త్రీలు మధ్యాహ్నమెల్ల పంఖా క్రింద పరుండి, సాయంకాలము బండ్లలో షికారు పోయి, రాత్రి విందులలో ఉద్యోగముల ముచ్చటలు, జీతముల ముచ్చటలు వినుచు కాలము పుచ్చుచుండిరి. ఒకనాడామె, ఈ దేశమునుగూర్చియు ఇచటి జనులనుగూర్చియు మీరేమి తెలిసికొంటిరని ఒక దొరసాని నడిగెను. ఏమియు తెలియదనియు, తెలియకపోవుటయే తన భాగ్యమనియు, ఎంత తక్కువ తెలిసిన అంత మేలనియు ఆ దొరసాని బదులు చెప్పినదట. జూలియా ఈ సంగతిని దాచక తల్లికి వ్రాసినది. తెలిసికొనకుండుటను గొప్పగా చెప్పుకొను మనుష్యులు ఉందురని ఆమె అంతకుముందు ఎఱుగదు.

1837లో భర్తకు రాజమహేంద్రవరపు జిల్లా కోర్టులో న్యాయాధిపతి పని దొరకెను. నాటి రాజమహేంద్రవరము నేటి దానివలె సిరిసంపదలు గల పట్టణము కాదు. ధవళేశ్వరము ఆనకట్ట పని కాటనుదొర 1847లో గాని మొదలిడలేదు. అది 1852లో పూర్తియయ్యెను. అంతవఱకు గోదావరి వరదలకు ముంచుచు, వానలు లేని యేడు ఎండగట్టుచు నుండెడిది. 1833నాటి కఱవు జనుల కన్నులయెదుట ఇంకను మెదలుచునే యుండెను. తెల్లవారి కుటుంబములు వ్రేళ్ళమీద లెక్కింపదగినన్ని మాత్రమే. ఇట్టి చోట చెన్నపట్టణపు విందులు లేవని విచారించువారు కలరు. జూలియాకు మాత్రము ఊపిరి సలిపినట్లయ్యెను.

ఆ సంవత్సరమే ఆమెకు కుమార్తె కలిగెను. హెన్రియెట్టా అని పేరు పెట్టి ఎట్టా అని పిలుచుకొనిరి. ఇక అచటినుండి ఉత్తరములలో సగము ఆ పిల్ల ముచ్చటలే. పిల్ల నవ్వినది, పిల్లకు జ్వరము వచ్చినది, ఆయా ఎత్తుకొని జోల పాడినది, నౌకరులందఱు ఆ పిల్లను గారాబము చేసి చెఱచుచున్నారు. ఇవి యేపాటి వార్తలని తోచవచ్చును. వీనిని దూరముతో గుణించి చూడవలెను. ఇచట వ్రాసిన జాబు ఓడమార్గమున ఇంగ్లండు చేరుటకు నాలుగైదు నెలలు. ఆ జాబునకు బదులు వచ్చుటకు మఱి నాలుగైదు నెలలు. పిల్లకు పండ్లు వచ్చుచున్నవని తల్లి వ్రాసిన వార్తను అమ్మమ్మ చదువునప్పటికి ఆ పిల్ల నిలువబడుచుండును. సంతోషము తెలుపు జాబు మఱల ఇచటికి చేరునప్పటికి పరుగులెత్తుచుండును. జ్వరము వార్త సంగతి యిక చెప్పనేల. చదువువారికి పిల్ల కోలుకొన్నదో లేదో తెలియుటకు మఱియొక ఓడ రావలెను. ఎఱ్ఱసముద్రము మీదుగా పొగయోడలలో టపా పంపు ఏర్పాటు ఆ సంవత్సరములలో మెల్లగా బలపడుచుండెను. దానివలన కాలము సగమునకు తగ్గెను గాని, నిలుకడగా నడచుట ఇంకను లేదు. నేడు కార్డు ముక్క రెండు దినములు ఆలస్యమైన టపావానిని నిందించువారు ఈ లెక్కను ఒకసారి మనసున వేసికొనవచ్చును.

ఎట్టా విషయమున జూలియా చేసిన నిర్ణయమొకటి తెలుగు చదువరికి రుచింపదు. తెల్లవారి పిల్లలు ఆయాల యొడిలో పెరిగి, తల్లి భాషకంటె ముందు దేశభాషనే పలుకుట ఆనాడు సాధారణము. తన పిల్లకు మాత్రము ఇచటి భాష సోకకుండ చేయవలెనని ఆమె పట్టుపట్టెను. భాషతోపాటు చెడు మాటలును, చెడు బుద్ధులును అంటునని ఆమె భయము. హిందువులకు బడి పెట్టి చదువు చెప్పుటకు ఉత్సహించిన ఇల్లాలు, తన బిడ్డ హిందువుల మాట నేర్చుటకు జంకినది. చెన్నపట్టణపు దొరసానిని ఆమె ఎగతాళి చేసిన మాట నిజమే. కాని ఆ దొరసాని గుణము కొంత ఈమెలోనూ లేకపోలేదు. ఇచటి దేవతలను, పూజలను గూర్చి ఆమె వ్రాసిన మాటలలో వినయము తక్కువ. క్రైస్తవమే సత్యమని నమ్మి వచ్చినది; ఆ నమ్మకమును దాటి చూచుటకు యత్నింపలేదు. అయినను తాను చూచినదానిని కల్పన లేక వ్రాసినది గనుక, ఆమె పొరపాటు కూడ మనకు స్పష్టముగా కానవచ్చును. ఇది కొందఱు పెద్ద చరిత్రకారుల వ్రాతలకంటె మేలు.

ఎండకాలము వచ్చినంతనే రాజమహేంద్రవరములో నిలువ శక్యము గాదు. తలుపులకు వట్టివేళ్ళ తడికలు కట్టి, వానిపై నీళ్ళు చల్లించి, పగలెల్ల చీకటిలో కూర్చుండవలెను. పసిపిల్ల గల యింట ఆ యెండ విసుగుతో పోవునది కాదు, ప్రాణభయముతో కూడినది. తెల్లవారి శ్మశానములలో చిన్న సమాధులు ఎన్నో ఉండుటకు కారణములలో ఇది యొకటి. అందుచేత ఆ కుటుంబము వేసవిలో సముద్రతీరమునకు తరలిపోయెడిది. ఆమె లేఖలలో సాములదేవి అను నర్థము వచ్చునట్లు వ్రాసిన యొక తీరప్రదేశము కలదు. అచట వేఱు తెల్లవారు లేరు, బజారు లేదు, విందులు లేవు. ఇసుకయు, అలల మ్రోతయు, సాయంకాలపు గాలియు మాత్రమే. ఇచటి షికారు అనగా పెట్టె సర్దుకొని బండి యెక్కుట కాదు. మంచములు, కుర్చీలు, వంటపాత్రలు, కోళ్ళు, నౌకరులు, వారి సంసారములు సమస్తము కదలవలెను. దొరసాని పల్లకిలో ముందు నడువగా ఒక చిన్న గ్రామమే వెనుక నడచినట్లుండును. ఎండ వేళ ప్రయాణము చేయరాదు గనుక రాత్రులందు దివిటీల వెలుగున సాగెడివారు. బోయీలు అడుగు కలియుటకు గొంతు కలుపుచు పాడుకొను పాట ఆ ప్రయాణములకు తాళము. ఆ పాటలో లోపల కూర్చున్న దొరసాని బరువును గూర్చిన పరాచికము కూడ ఉండునని నాటి దొరలు అనుమానించెడివారు. ఆ యనుమానము బహుశః నిజమే.

సముద్రపు టొడ్డున జూలియాకు కాలక్షేపము పురుగులు. బాల్యచాపల్యము కాదు, పండితులు ప్రకృతిశాస్త్రమున జేయునట్లు పేడపురుగులు, సీతాకోకచిలుకలు, కందిరీగలు మొదలగువానిని పట్టించి, జాతులవారీగా విడదీసి, పెట్టెలలో గుచ్చి దాచుట ఆమెకు ప్రియమైన పని. దొరసాని యంతటిది పురుగులకై వెదకుట నౌకరులకు మొదట నవ్వు పుట్టించెను. పిమ్మట వారే గుప్పిట మూసికొని తెచ్చి ఇచ్చుట మొదలిడిరి. తెలుగుదేశపు పురుగుల జాతులను ఇంత ప్రేమతో ఏరుకొన్న ఆడువారు ఆ కాలమున వేఱొకరు కానరారు. ఏడాది పొడుగున బంగళాలో బందీగా నుండు స్త్రీకి వేసవి ఆ విధముగా కొంత స్వేచ్ఛ నిచ్చెను. ఆ సెలవులనుండి వ్రాసిన జాబులే ఆమె లేఖలలో మిక్కిలి ఉల్లాసముగా నుండును.

ఇక గ్రంథాలయాభిమానులు శ్రద్ధగా తెలిసికొనవలసిన ఘట్టమునకు వత్తము. రాజమహేంద్రవరము చేరిన కొలదికాలమునకే ఆ దంపతులు సొంత ఖర్చుమీద బాలురకొక పాఠశాల తెఱచిరి. తెలుగును, ఇంగ్లీషును చెప్పించుచుండిరి. ఇంగ్లీషు వచ్చిన కచేరీలో కొలువు దొరకునను ఆశతో పిల్లలు చేరినారు. ఆ ఆశను జూలియా గ్రహింపకపోలేదు, తప్పుపట్టనూ లేదు. బైబిలు పఠనమును కూడ అందు చేర్చిరి. ఎవరి ప్రక్క ఎవరు కూర్చుండవలెనను కులభేదపు తగవులు బడిలోనికిని వచ్చినవి. ఉపాధ్యాయుడు దొరకుట కష్టము, దొరకినవాడు నిలుచుట కష్టము, పుస్తకములు దొరకుట అంతకంటె కష్టము. ఆ రోజులలో తెలుగు అచ్చుపుస్తకములు మిక్కిలి కొలది. తెలుగు గ్రంథములను వెదకి ప్రతులు వ్రాయించి ఉద్ధరించిన బ్రౌనుదొర ఆ సంవత్సరములలో స్వదేశమునకు పోయి 1838లో తిరిగివచ్చెను. బడిపిల్లల చేతికి ఇచ్చుటకు తేలికయైన తెలుగు వచనపుస్తకము ఒకటి కావలెనన్న, చెన్నపట్టణమునకు వ్రాసి, అచటి ముద్రాశాలలనుండి వచ్చువఱకు నెలల తరబడి వేచియుండవలెను.

బడితో వారు ఆగలేదు. చదువు వచ్చిన పెద్దలకు చదువుకొనుటకు చోటు లేదని గ్రహించి, దేశీయుల నిమిత్తము పట్టణములో ఒక పఠనమందిరమును ఏర్పఱచిరి. పుస్తకములు కొని అందుంచిరి. వచ్చినవారు కూర్చుండి చదువుకొనవచ్చును. ఇది 1830ల చివరి మాట. మన దేశపు గ్రంథాలయ చరిత్ర చెప్పువారు 1886లో మంతెన ఆదినారాయణమూర్తిగారు విశాఖపట్టణమున స్థాపించిన గ్రంథాలయముతో తఱచు మొదలిడుదురు. అదే రాజమహేంద్రవరమున వసురాయకవి పేరు మోసిన వసురాయ గ్రంథాలయము 1898లో వెలసెను. పిమ్మట అది గౌతమీ గ్రంథాలయములో కలిసెను. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము 1901లో స్థాపితమాయెను. ఆ తెలుగు పెద్దలు తమ ప్రజలకొఱకు తామే నాటిన ఆ చెట్లకును, ఒక న్యాయాధిపతియు ఆయన భార్యయు తమ జీతములోనుండి నడపిన ఈ చిన్న గదికిని సామ్యము లేదు. ఆ చెట్లు వేళ్ళూనుకొన్నవి. ఈ గది దొరగారి బదిలీపై ఆధారపడినది. అయినను విశాఖపట్టణపు గ్రంథాలయమునకు దాదాపు ఏబది యేండ్లు ముందుగా గోదావరి యొడ్డున తెలుగువారు ఒక చోట చేరి అచ్చుపుస్తకము చదువుకొనుటకు తావు ఏర్పడెనను సంగతి ఆ జాబులు లేకున్న మనకు తెలియకయే పోయెడిది. అమ్మమ్మకు మనుమరాలి పండ్ల సంగతి వ్రాయుచు, ఆ ప్రక్కనే ఆమె ఈ మాట వ్రాసినది.

తరువాత ఉద్యోగ కారణముచేత వారు రాజమహేంద్రవరమును విడువవలసివచ్చెను. కొంతకాలము బెంగుళూరులో నుండిరి. అచటి చల్లదనము, తోటలు, పండ్లు తన దేశమును జ్ఞప్తికి తెచ్చెనని ఆమె మురిసినది. మైసూరు రాజ్యము 1831నుండి కుంపిణీవారి అధీనములో నుండుటవలనను, పటాలము అచటనే యుండుటవలనను, బెంగుళూరు దొరలకు విశ్రాంతిస్థానముగా మాఱియుండెను. ఆమెకు ఒక కుమారుడును కలిగెను. కాని ఎట్టా ఆరోగ్యము కుదుటపడలేదు. పిల్ల బ్రదుకవలెనన్న చల్లని దేశమునకు తీసికొనిపోవలెనని తేలెను.

ఈ దేశమున కొలువు చేసిన ప్రతి ఆంగ్లకుటుంబమునకు ఎప్పుడో ఒకప్పుడు ఎదురగు సంకటము ఇది. పిల్లలతో తల్లి పోవలెనా, భర్తతో నిలువవలెనా? జీతము వదలి దొర రాలేడు. జీతము లేక పిల్లల పోషణ జరుగదు. తుదకు జూలియా ఇద్దరు బిడ్డలను తీసికొని ఓడ నెక్కెను. జేమ్సు థామసు ఇచటనే నిలిచిపోయెను. ఆయన 1840లో ఈ దేశముననే మరణించెను. పెండ్లినాటినుండి నాలుగేండ్లు మాత్రమే వారి కాపురము సాగెను. రాజమహేంద్రవరమున బడిని, పఠనమందిరమును జీతపు సొమ్ముతో నిలిపిన ఆ న్యాయాధిపతి పేరును ఆమె తన పుస్తకములో పూర్తిగా వ్రాయలేదు. ఒక్క యక్షరము వేసి గీత గీచి విడిచినది.

ఆ పుస్తకము వెలువడిన తీరు ఇట్టిది. తల్లి చేతిలోనున్న జాబులను సవరించి, ఊళ్ళ పేళ్ళు కొన్ని మార్చి, మనుష్యుల పేళ్ళు మఱుగుపఱచి, 1843లో లండనులోని జాను మర్రే అను ప్రసిద్ధ ప్రకాశకుడు అచ్చువేసెను. మద్రాసునుండి 1836 మొదలు 1839 వఱకు వ్రాసిన లేఖలని దాని పేరు. కర్త పేరుండవలసిన చోట ఒక దొరసాని అని మాత్రము ఉండెను. ఒకే కాలమున తల్లి తన పెద్దతల్లిగారి దినచర్యలను ప్రకటించుచుండగా, కూతురి జాబులు అచ్చునకెక్కుట చూడదగిన విశేషము. 1846లో ఆ పుస్తకము అందఱు కొనగల చౌకవెల గ్రంథమాలలో మఱల ముద్రితమాయెను. అందును ఆమె పేరు లేదు. 2003లో మఱియొక ముద్రణ వెలువడినప్పుడు మాత్రము ఆ దొరసాని యెవరో ముఖపత్రముననే తెలియవచ్చెను.

1842లో ఆమె చార్లెసు మేట్లండు అను క్రైస్తవ మతాచార్యుని పునర్వివాహము చేసికొనెను. ఆయన వైద్యశాస్త్రము చదివి మతాచార్యుడైనవాడు. రోమునగరపు భూగర్భ శ్మశానములలోని తొలి క్రైస్తవుల గుర్తులను పరిశోధించి గ్రంథము వ్రాసినవాడు. మేట్లండు అను పేరు ఆమెకు అట్లు వచ్చినదే. మనము ఆమెను ఆ పేరుతో పిలుచుచున్నాము గాని, తెలుగుదేశమున నున్నన్నాళ్ళు ఆమె థామసు దొరసానియే. విధవ మఱల పెండ్లాడుట ఆ సమాజమున తప్పు కాదు. మన వైపు వీరేశలింగముగారు ఆమె యొకప్పుడు నివసించిన ఆ రాజమహేంద్రవరముననే మొదటి వితంతువివాహము జరిపించినది 1881 డిసెంబరులో. దానికై ఆయన పడిన పాట్లు అందఱెఱిగినవే.

మిగిలిన బ్రతుకులో జూలియా పిల్లలకై పుస్తకములు వ్రాసెను. చరిత్రలోని ఘట్టములను ఇంటిలో ఆడుకొనుటకు తగిన చిన్న నాటకములుగా కూర్చి 1847లో ప్రకటించెను. 1852లో ఒక బొమ్మ తన కథను తానే చెప్పునట్లొక పుస్తకమును, 1854లో ఒక కుక్కయు పిల్లియు కలిసి బ్రదుకు కథను వ్రాసెను. కుక్కపిల్లుల కథ మిక్కిలి ప్రచారమొంది పలుమార్లు అచ్చుపడెను. ఇండియాలో చూచినదానిని గూర్చి ఆమె మఱల పెద్ద గ్రంథము వ్రాయలేదు. తల్లికి వ్రాసిన జాబులతోనే ఆ మాట ముగిసినది.

క్షయవ్యాధి సోకి, 1864వ సంవత్సరము జనవరి 29వ తేదీని, ఏబదియైదేండ్ల ప్రాయమున ఇంగ్లండున సోమర్సెటు ప్రాంతమందు ఆమె మరణించెను. అప్పటికి ధవళేశ్వరము ఆనకట్ట నిలిచి పండ్రెండేండ్లయ్యెను. ఆమె దివిటీల వెలుగున పల్లకిలో దాటిన బీడునేలలలో కాలువనీరు పాఱుచుండెను.